వేడెక్కిన కారుకి నెలవంకలు

ఆ ఏడు ఎండలు భీమరాజుపట్నాన్ని పెనం మీద అట్టులా మాడుస్తున్న రోజుల్లో, జిల్లాను చల్లబరచవలసిందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎంత చల్లబరచాలో అందులో లేదు. ఎప్పటిలోగా చల్లబరచాలో మాత్రం ఉంది. చెట్లు నాటితే నీడ ఇవ్వడానికి ఏళ్ళు పడుతుంది, నివేదిక చూస్తే నెలాఖరుకల్లా వెళ్ళాలి. కాబట్టి బోర్డులు పెట్టడం ఒక్కటే మార్గమని పెద్దలు తేల్చారు.

ఈ పని కోసం చల్లదన సాధన మండలి అని ఒకటి వెలిసింది. పాత విత్తనాల గోదాముకి సున్నం కొట్టి, ఒక గదికి ఏసీ బిగించి, అధికారులు అందులో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు ముందుగా కనిపెట్టింది ఏమిటంటే, ఊరు వేడెక్కడానికి కారణం పాత కార్లు. పాత కార్లు వేడెక్కడానికి కారణం వాటికి సిగ్గు లేకపోవడం. అందుచేత పదిహేనేళ్ళు దాటిన ప్రతి కారూ ముఖాన ఒక రేకు బోర్డు కట్టుకోవాలి. దాని మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, బొమ్మ కింద ‘నేను వేడిని తగ్గిస్తాను’ అన్న ప్రతిజ్ఞ ఉండాలి.

బోర్డు కారుకి ఎక్కడ కట్టాలన్న దాని మీద నిపుణుల సంఘం ఒకటి చాలా భోజనాలు చేసింది. అద్దానికి కడితే తోలేవాడికి దారి కనపడదు. దీపాలకి కడితే రాత్రిపూట ఎవరికీ ఏమీ కనపడదు. నంబరు పలకకి కడితే పోలీసులు ఊరుకోరు. ఇవన్నీ పోగా కారు ముఖాన మిగిలింది దీపాల మధ్యనుండే జాలీ ఒక్కటే. అక్కడ ఏ పనీ జరుగుతున్నట్టు సంఘానికి కనపడలేదు. ‘వాహనము యొక్క నిరుపయోగ ముఖభాగమును ప్రజాచైతన్యమునకు వినియోగించుట’ అని రాసి, సంఘం చేతులు కడుక్కుంది.

బోర్డు కట్టుకున్న కార్లను మండలివారు తోలించి చూస్తారు. బైపాస్ మీద తిరిగి వచ్చేలోగా ఇంజను వేడెక్కకపోతే యోగ్యతాపత్రం ఇస్తారు. వేడెక్కితే ఇంకో బోర్డు కట్టిస్తారు. మూడోసారి కూడా వేడెక్కితే కారు తుక్కుకి వెళ్తుంది. జనం దూరం వెళ్ళి శ్రమపడకుండా కార్లని నలిపే యంత్రాన్ని గోదాము వెనకే పెట్టారు.

విశ్వపతి మాస్టారి కారు కొన్ననాడే పాతది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారికి కార్ల మోజు ఎప్పుడూ లేదు. మోజంతా ఆయన భార్య హైమవతిది. ఎవరో డాక్టరుగారు వాడి వదిలేసిన తెల్ల కారుని ఆవిడే బేరమాడి ఇంటికి తెచ్చింది. ఆవిడే నేర్చుకుంది. పక్కన ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్న మాస్టారికి మళ్ళీ ఆవిడే నేర్పింది. మనిషి పొట్టి కావడంతో సీటు బాగా ముందుకి జరుపుకుని తోలేది. ఆవిడ పోయింది గానీ సీటు అక్కడే ఉంది. మాస్టారు పొడగరి. మోకాళ్ళు స్టీరింగుకి తగులుతుంటే మడత కుర్చీలా ముడుచుకుని తోలుతారే తప్ప సీటు వెనక్కి జరపరు.

ఆవిడ చేసిన పని ఇంకొకటుంది. ఇంజను వేడి చూపించే ముల్లు ఉంటుంది కదా, దాని అద్దం మీద తన బొట్టుబిళ్ళ ఒకటి అంటించింది, సరిగ్గా ముల్లు మామూలుగా వచ్చి ఆగే చోట. “ఇదుగో, ముల్లు నా బొట్టు దాటిందంటే కారాపి, దిగి నీడన నిలబడండి. దానికీ మంచిది, మీకూ మంచిది,” అనేది. ఎర్రటి బిళ్ళ ఎండకి వెలిసి లేత గులాబీ అయింది. ఇన్నేళ్ళలో ముల్లు దాన్ని దాటింది లేదు.

బోర్డు కట్టిన వారంలోనే దాటింది.

మొదటి పరీక్షకి పక్క సీట్లో కూర్చున్నది ఉష్ణ పరిశీలనాధికారి పరాంకుశంగారు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయినా మెడ గుండీ విప్పని మనిషి. కారు బైపాస్ ఎక్కి కాస్త వేగం అందుకునేసరికి ముల్లు బొట్టుని తాకింది, దాటింది, పోయి పోయి ఎర్ర గీత మీద కూర్చుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

“ఆపుడు. ఉష్ణము ఉత్పన్నమగుచున్నది,” అన్నారు పరాంకుశంగారు.

“ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ ఇది.”

“ప్రతి యజమానియు ఇదే మనవి చేయుచున్నాడు.” ఆయన ముల్లు దగ్గరికి వంగి చూశారు. “ఇచ్చట ఈ గులాబీ చుక్క ఏమి?”

“మా ఆవిడ బొట్టండీ.”

“పరికరముపై అనధికార చిహ్నము,” అని ఆయన రాసుకోబోయి, మాస్టారి ముఖం ఒకసారి చూసి, ఎందుకో కలానికి మూత పెట్టేశారు. ఎండలో కారు చల్లారేదాకా నిలబడ్డంతసేపూ మాస్టారు ఆ మూత పెట్టడాన్నే తలుచుకున్నారు. లోకంలో ఆ మాత్రం దొరికినా గొప్పే.

మర్నాడు రెండో బోర్డు వచ్చింది. ‘ఈ వాహనము వేడెక్కినది – ప్రజలు గమనింపగలరు.’ మొదటి బోర్డు కింద, బంపరు దగ్గర కాస్త ఖాళీ మిగిలి ఉంటే, దాన్ని అక్కడ బిగించారు.

నూకరాజు షెడ్డులో కారు నిలబెట్టగానే అతను రెండు బోర్డులూ చదివి, గమనించేశాడు.

“ఆయ్, మీ కారుకి జ్వరమొచ్చిందని ఊరంతా అనుకుంటున్నారండి మాస్టారూ. ఏటైందండి?”

“నువ్వే చెప్పాలి నూకరాజూ. నీళ్ళు కారట్లేదు. నూనె కారట్లేదు. వేగం అందుకుంటే చాలు, ముల్లు లేస్తోంది.”

నూకరాజు బానెట్ ఎత్తి, ఇంజను నడిపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఫ్యాను తిరిగింది. ముల్లు బొట్టు దగ్గరే ఆగింది. “చూశారాండి, నిలబెడితే బంగారం. పరిగెడితేనే ఆయాసం. మా బావమరిదీ ఇంతేనండి.”

“అయితే ఏమంటావు?”

“థర్మోస్టాట్ అంటానండి. ఇంజను వేడెక్కినప్పుడు నీళ్ళు రేడియేటర్లోకి వెళ్ళడానికి అదో తలుపండి. తలుపు సగమే తెరుచుకుంటోంది.” థర్మోస్టాట్ మార్చాడు. వేడి తగ్గలేదు. “మూతండి. రేడియేటరు మూత పట్టు తప్పింది.” మూత మార్చాడు. తగ్గలేదు. “పంపండి! అనుమానమే లేదు. నీళ్ళు తోసేదే అది కదండి.” పంపూ మార్చాడు, గొట్టాలూ మార్చాడు. మార్చినప్పుడల్లా అతని ముఖం మరింత వెలిగేది. మాస్టారి ముఖంలో మాత్రం వెలుగు లేదు.

“ఇంక దీంట్లో పాతవి మిగిలింది మీరూ నేనేనండి,” అన్నాడు చివరికి. “ధైర్యంగా వెళ్ళండి.”

ధైర్యంగానే వెళ్ళారు. బైపాస్ మీద ఈసారి ముల్లు ఇంకా తొందరగా లేచింది. పరాంకుశంగారు గొడుగేసుకుని దిగి, “ద్వితీయ వైఫల్యము,” అని మెల్లగా అన్నారు. వెనక గోదాము వైపు నుంచి నలిపే యంత్రం ఏదో కారుని నములుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపించింది.

“హెడ్ గాస్కెటండి. ఇంజను మొత్తం విప్పుదామండి,” అన్నాడు నూకరాజు ఆశగా.

“ఆగు,” అన్నారు మాస్టారు.

ఆయన ఆగమన్నది ఇంజను మీద జ్ఞానంతో కాదు. విప్పితే మళ్ళీ బిగించేదాకా కారు ఇంట్లో ఉండదని. ఆదివారం పొద్దున్న కారు కడుక్కుంటూ, బోర్డుల వెనక చేరిన మట్టి తియ్యడానికి రెండింటినీ విప్పి గోడకి ఆనించారు. అంతలో ఇంట్లో వంకాయలు లేవని గుర్తొచ్చి, బోర్డుల సంగతి మరిచి, బైపాస్ అవతలున్న రైతుబజారుకి వెళ్ళి వచ్చారు. తిరిగొచ్చి కారాపుతుంటే చూశారు. ముల్లు బొట్టు దగ్గర, చెప్పిన మాట వినే పిల్లలా నిలబడి ఉంది.

మాస్టారు వంకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. బోర్డులు కట్టి మళ్ళీ తోలారు. ముల్లు లేచింది. విప్పి తోలారు. దిగింది. అప్పుడు ఆయనకి ఏటా ఇంటర్ పిల్లలతో చేయించిన ప్రయోగం గుర్తొచ్చింది. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఆకు ఊపిరంతా వాటి గుండానే. అక్కడ వాజలైన్ పూస్తే పచ్చటి ఆకు కూడా ఎండలో వేడెక్కిపోతుంది. ముప్ఫయ్యేళ్ళు ఆ పాఠం చెప్పిన మనిషి తన కారు ముఖానికి తానే బోర్డు బిగించుకున్నాడు. ఆయనకి నవ్వొచ్చింది. హైమవతి ఉంటే ఇంకా పెద్దగా నవ్వేది.

సోమవారం మండలి కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ వేడి పుట్టించే ప్రతి వస్తువుకీ బోర్డు ఉంది. టీ కాచే స్టవ్వుకి ఉంది. గోడ బయట ఏసీ డబ్బాకి, వేడిగాలి వదిలే వైపు సరిగ్గా అతికినట్టు ఉంది. ఆ కారణాన ఏసీ పొద్దున్న మోగి మధ్యాహ్నానికి మూర్ఛపోయేది. షెడ్డులో మండలి జీపుకీ ఉంది. జీపు మీద తడి గోనెసంచులు కప్పి, చెంబుతో నీళ్ళు చల్లుతుండడానికి శీతల సహాయకుడు అని ఒకాయన్ని నియమించారు. జీపు కదిలి చాలా కాలమైంది. అధికారులు ఆటోల్లో వస్తారు.

“బోర్డు తీస్తే వేడెక్కట్లేదండీ,” అన్నారు మాస్టారు.

“అసాధ్యము,” అన్నారు పరాంకుశంగారు. “ఆ బోర్డు వేడిని తగ్గించునట్టిది. దాని మీదనే వ్రాసి యున్నది. తగ్గించునట్టిది పెంచునా?”

“జాలీ మూసుకుపోయిందండీ. కారు వెళ్తుంటే ఎదురుగాలి అందులోంచే రేడియేటరుకి తగలాలి. ఆకుకి వాజలైన్ పూస్తే చూడండి–”

“ఆకులు అటవీ శాఖ పరిధిలోనివి.”

“పోనీ, బోర్డు తీసి ఒక్కసారి తోలి చూపిస్తాను. మీరే పక్కన కూర్చోండి.”

“బోర్డు లేని వాహనము పరీక్షకు అనర్హము.”

“బోర్డుంటే వేడెక్కుతుంది కదండీ.”

“వేడెక్కిన వాహనము అయోగ్యము.”

“మరైతే ఏ కారైనా నెగ్గేదెలాగండీ?”

“ఇంతవరకు ఏదియు నెగ్గలేదు.” పరాంకుశంగారి గొంతులో గర్వం పలికింది. “దీనినిబట్టి పాత వాహనముల దుస్థితి ఎంత తీవ్రమో తేటతెల్లమగుచున్నది. మండలి యొక్క ఆవశ్యకతయు నిరూపితమైనది.”

“కారు వెనకాల కట్టుకోనివ్వచ్చు కదండీ?”

“వెనుక వచ్చువాడు ఎటులనో మన పొగను చూచుచునే యుండును. చైతన్యము రావలసినది ఎదుటివానికి.”

అప్పుడే ఏసీ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. గదిలో ఉన్న చల్లదనమంతా ఎవరో పిలిచినట్టు లేచి వెళ్ళిపోయింది. పరాంకుశంగారు బయట బోర్డున్న వైపు గోడకేసి చూశారు, జీపున్న వైపు చూశారు, తలుపు వేసి ఉందో లేదో చూశారు. ఆ తరవాత మామూలు మనిషిలా మాట్లాడారు.

“కూర్చోండి మాస్టారూ. మంచినీళ్ళు తాగుతారా? నాకు తెలీక కాదండీ. కానీ కారణం అని రాయాలంటే అది పైవాళ్ళు ఇచ్చిన కారణాల్లో ఉండాలి. అందులో బోర్డు లేదండీ. యజమాని నిర్లక్ష్యం ఉంది. అది రాయమంటారా?”

“వద్దులెండి.”

“ఈసారి ఆ రెండూ తీసేసి కట్టాల్సింది ఒకటే పెద్ద బోర్డండి. బంపరు నుంచి బానెట్ దాకా. రేకుతో చేయిస్తే ఆ బరువుకి ఉన్న బంపరు ఊడిపోతుంది. ఫ్లెక్సీ మీద కొట్టించుకోండి. ఫ్లెక్సీ వద్దని ఎక్కడా లేదు.” ఆయన చేయగలిగిన ఉపకారం అంతే. మాస్టారు దండం పెట్టి లేచారు. బయటికొస్తుంటే నలిపే యంత్రం పక్కన నిన్నటిదాకా ఎర్ర కారుగా ఉన్నదేదో పెట్టెలా మడిచి పెట్టి ఉంది. దాని తలుపు సందులోంచి సీటు గుడ్డ ముక్క వేలాడుతోంది. మాస్టారు తల తిప్పుకున్నారు.

సెంటర్లో ఫ్లెక్సీ కొట్టు రెహనాది. మాస్టారు కాగితం ఇస్తే పైకి చదివింది. “నేను వేడిని తగ్గిస్తాను. ఈ వాహనము రెండు పర్యాయములు వేడెక్కినది. ఇది ఆఖరి అవకాశము. … ఎవరి పుట్టినరోజండీ?”

“ఎవరిదీ కాదమ్మా. కారుకి కట్టాలి.”

“ఫోటో?”

“సూర్యుడి బొమ్మ చాలు.”

“మీది కూడా ఓ మూల చిన్నది పెడదామండీ. మనిషి లేకపోతే ఫ్లెక్సీ బోసిగా ఉంటుంది.”

“వద్దమ్మా.”

“పోనీ వెనకాల పులి? ఇప్పుడు అందరూ పులి పెట్టించుకుంటున్నారండీ.”

“నా కారుకి పులి ఎందుకమ్మా, పాపం. పరీక్ష రేపు పొద్దున్నే. అప్పటికి ఇస్తే చాలు.”

పరీక్ష రోజు పొద్దున్న నూకరాజుని వెంటపెట్టుకుని వెళ్ళి, చుట్ట చుట్టిన ఫ్లెక్సీ తెచ్చుకుని కారు ముందు విప్పారు. ఫ్లెక్సీ నిండా నెలవంకల్లా గాట్లు. నవ్వుతున్న సూర్యుడి రెండు బుగ్గల మీదా గాట్లు. ‘వేడి’ దగ్గర ఒకటి, ‘ఆఖరి’ దగ్గర ఒకటి. అన్నిటికన్నా కింద, పాత ఫ్లెక్సీ నుంచి తీసెయ్యడం మరిచిన ‘శుభాకాంక్షలతో... మిత్రబృందం’.

మాస్టారు మళ్ళీ కొట్టుకి పరిగెత్తారు. “ఇదేమిటమ్మా, కోసేశావు?”

“కొయ్యకపోతే గాలికి చిరిగిపోదాండీ? సెంటర్లో కట్టే ప్రతి ఫ్లెక్సీకీ కోస్తాం. ఎంత పెద్ద లీడరైనా నుదుటి మీదో గెడ్డం కిందో గాలికి దారి ఇవ్వాల్సిందే.”

“సెంటర్లో కట్టేది కాదు తల్లీ. కారుకి.”

రెహనా నాలుక కరుచుకుంది. “అలవాటు మీద చెయ్యి పోయిందండీ మాస్టారూ. సాయంత్రానికి ఇంకోటి కొట్టిస్తాను.”

సాయంత్రానికి కారు ఉండదు. పరీక్షకి రాకపోవడమూ వైఫల్యం కిందే లెక్క. మాస్టారు ఇంటికి తిరిగొచ్చారు. ఫ్లెక్సీ కారు ముఖానికి కట్టి, మడిచిన కాళ్ళతో సీట్లో కూర్చుని, బొట్టుకేసి చూసి, “వెళ్దామా,” అన్నారు. వెనక సీట్లోంచి నూకరాజు “వెళ్దామండి,” అన్నాడు. మాస్టారు అడిగింది అతన్ని కాదు.

పరాంకుశంగారు కారు ముందు నిలబడి ఫ్లెక్సీ అంతా చదివారు. శుభాకాంక్షల దగ్గర ఒక నిట్టూర్పు విడిచారు. గాట్ల మీద వేలు పెట్టారు. “ప్రభుత్వ సందేశమునందు రంధ్రములు...” అని మొదలుపెట్టారు. గోదాము వెనక యంత్రాన్ని అప్పుడే నడిపించారు, పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. ఆయన మాస్టారికేసి చూశారు. “ఈ విషయము పరీక్షానంతరము పరిశీలింపబడును,” అని కారెక్కి తలుపేసుకున్నారు. సర్కారు వాయిదాల్లో కూడా దయ ఉండొచ్చని మాస్టారికి ఆ రోజే తెలిసింది.

బైపాస్ ఎక్కారు. కారు వేగం అందుకుంది. ముల్లు లేచింది. మెల్లగా, అలవాటైన దారిలో నడిచొచ్చే మనిషిలా బొట్టు దగ్గరికి వచ్చింది. ముల్లు ఆగింది. ఇంకాస్త వేగం పెంచారు. కదల్లేదు.

“చూశారాండి నా పంపు!” అని వెనక నుంచి నూకరాజు కేక పెట్టాడు.

ముందు నుంచి టపటపమని చప్పుడు వస్తోంది. గాట్లు పడిన ఫ్లెక్సీ రెప్పలు గాలికి తెరుచుకుంటూ మూసుకుంటూ కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వింటుంటే మాస్టారి కళ్ళ ముందు సూక్ష్మదర్శిని కింది ఆకు కదిలింది. ఆకు రంధ్రాలకి కూడా అటో నెలవంక, ఇటో నెలవంక కాపలా ఉంటాయి. పిల్లలకి నల్లబల్ల మీద సుద్దతో ఎన్నిసార్లు గీశారో ఆ బొమ్మ.

పరాంకుశంగారు బొట్టు మీది నుంచి చూపు తిప్పలేదు. తిరిగొచ్చి కారాగాక కలం మూత తీసి, మళ్ళీ పెట్టారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

“వాహనము చల్లగా నున్నది.”

“నెగ్గినట్టేనాండీ?”

“వాహనము నెగ్గినది. బోర్డు ఓడినది. చిరిగిన బోర్డు బోర్డు కానేరదు. బోర్డు లేని వాహనము అనర్హము. అనర్హమైనచో హాజరు కానట్లే. హాజరు కానిచో–” అంటూ ఆయన గోదాము వైపు చూడలేక నేల చూశారు. అక్కడి నుంచి ఒక మనిషి కారు లాక్కెళ్ళే గొలుసు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. మాస్టారు స్టీరింగు మీద చేతులు తియ్యలేదు.

పరాంకుశంగారి జేబులో ఫోను మోగింది. పేరు చూసి ఆయన కార్లో కూర్చునే నిలబడబోయారు, తల పైకప్పుకి కొట్టుకుంది.

“చిత్తమండి సంచాలకులవారూ... నివేదిక పంపితిమండి... అవునండి, అన్నియు విఫలమేనండి... పైవారు ఆగ్రహించిరాండి? ఒక్కటైనను చల్లబడలేదేమని అడిగిరాండి?” ఆయన చెమట తుడుచుకున్నారు. కారుకేసి చూశారు. గొలుసు మనిషికి ఆగమని చెయ్యి చూపించారు. “ఉన్నదండి! ఒకటి ఉన్నదండి. నా ఎదుటనే చల్లబడినది. నూతన విధానమండి. అర్ధచంద్ర వాతాయన విధానము.” ఫోను అరచేత్తో మూసి, “మాస్టారూ, ఆ చందమామలు కోసిందెవరండీ?” అని గుసగుసలాడారు.

“ఫ్లెక్సీ కొట్టు రెహనా అండీ.”

“మన సాంకేతిక విభాగమేనండి,” అన్నారు పరాంకుశంగారు ఫోన్లో.

“పంపు సంగతి కూడా చెప్పండి,” అన్నాడు నూకరాజు.

తరవాతి వారం సంచాలకులవారు వచ్చారు. షామియానా వేశారు. జిల్లాలో చల్లబడిన మొదటి వాహనమని మాస్టారి కారుకి బంతిపూల దండ వేశారు. దండ ఎంత దళసరిదంటే నెలవంకలన్నీ దాని కింద మునిగిపోయాయి. మాస్టారు ఎవరూ చూడకుండా దాన్ని పక్కకి జరిపారు. సంచాలకులవారు పాత వాహనాల చరిత్ర, నెలవంక గొప్పతనం, తమ చిన్నతనం గురించి చెప్పి, యజమానిని కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

మాస్టారు మైకు ముందు నిలబడ్డారు. తరగతి గదిలో అయితే గంటసేపు చెప్పేవారు. ఇక్కడ ఏం చెబితే కారు ఇంటికొస్తుందో తెలియలేదు. “గాలాడాలండీ. అంతే,” అని దిగిపోయారు.

చప్పట్లు మోగాయి. ఆ మాటని వెంటనే మండలి నినాదంగా స్వీకరించారు. నెల తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. మండలి పరిధిలోని బోర్డులకి, తెరలకి, దస్త్రాలకి, ఉత్తరాలకి, పత్రాలకి అన్నిటికీ విధిగా నెలవంకలు కొయ్యాలి. బోర్డులు తీసేస్తే సరిపోతుంది కదా అని ఒక గుమాస్తా అన్నాడట. అతన్ని ఎండ ఎక్కువగా ఉండే చోటికి బదిలీ చేశారు. ఏసీ బోర్డుకి నెలవంకలు పడ్డాక ఏసీ మధ్యాహ్నం కూడా మోగింది. జీపు బోర్డుకి పడ్డాక జీపు కదిలింది. నీళ్ళు చల్లే పని పోయిన శీతల సహాయకుణ్ణి అర్ధచంద్ర సహాయకుడిగా మార్చి, చెంబు తీసుకుని బ్లేడు ఇచ్చారు. ఆయన శ్రద్ధ గల మనిషి. కంటికి కనపడ్డ కాగితాన్నల్లా కోశాడు. పైవాళ్ళ సంతకాలు నెలవంకలై నేల మీద రాలితే సాయంత్రం చీపురుతో ఊడ్చేవారు.

మాస్టారి యోగ్యతాపత్రం కూడా అలాగే తయారైంది. పరాంకుశంగారు దాన్ని రెండు చేతుల్తో ఎత్తి వెలుగుకి పట్టి చదివారు. “‘సదరు తెల్లని వాహనము... వరకు యోగ్యమైనదని ధ్రువీకరించుటయైనది.’” ఎప్పటి వరకో ఉండవలసిన చోట ఒక నెలవంక, నెలవంకలోంచి కిటికీ అవతలి ఆకాశం కనిపిస్తున్నాయి.

“తేదీ రంధ్రములో పోయినది,” అన్నారాయన.

“మరి ఎప్పటిదాకా చెల్లుతుందండీ?”

పరాంకుశంగారు చాలాసేపు ఆలోచించారు. ఆయనకి తెలిసిన నియమాలన్నీ ముఖం మీద ఒక్కొక్కటే వచ్చి పోయాయి. “పత్రమునందు లేని గడువు ముగియజాలదు,” అన్నారు. తరవాత గొంతు తగ్గించి, “ఎప్పటికీ మాస్టారూ. కావాలంటే తేదీ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. మళ్ళీ మొదటి బోర్డు నుంచి–”

“వద్దులెండి. గాలాడనివ్వండి.”

సాయంత్రం జీపులో సంచాలకులవారి బంధువులు ఊరు చూడ్డానికి వెళ్ళారు. ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డ పరాంకుశంగారిని మాస్టారు కారెక్కించుకున్నారు. పత్రాన్ని ముందు అద్దానికి ఆనించారు. వంగిన ఎండ నెలవంకలోంచి దూరి, డాష్‌బోర్డు మీద ఒక వెలుగు వంక గీసింది. పరాంకుశంగారు ముందు ఆ వంకని చూశారు, తరవాత మాస్టారి మోకాళ్ళు చూశారు.

“ఆ సీటు కాస్త వెనక్కి జరుపుకోవచ్చు కదండీ. ఇబ్బందిగా లేదూ?”

“ఇలా అలవాటండీ.”

పరాంకుశంగారు ముల్లు మీది బొట్టుకేసి చూశారు. అద్దం కిందికి దించి, మెడ గుండీ విప్పుకున్నారు. బైపాస్ మీద ఫ్లెక్సీ రెప్పలు టపటపలాడాయి. ముల్లు లేచి, లేచి, లేత గులాబీ బొట్టు దాకా వచ్చి, అక్కడ ఆగింది.